గతిశక్తి తగ్గినా ద్రవ్యవేగం ఎందుకు తగ్గదు?

భౌతికశాస్త్రం కొత్తగా చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్నలో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం, అదే ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి సగం చేస్తే గతిశక్తి వస్తున్నప్పుడు, కదలికను కొలవడానికి ఈ రెండూ ఎందుకు కావలసి వచ్చాయి అన్నది మొదటిది. కారు దేనినైనా గుద్దుకున్నప్పుడు లోపలి మనిషి ద్రవ్యవేగంలో వచ్చే మార్పు ఎయిర్‌బ్యాగ్ ఉన్నా లేకున్నా ఒక్కటే అయితే ఆ సంచి వల్ల ఒరిగేదేమిటి అన్నది రెండోది. రెండు వస్తువులు ఢీకొని అతుక్కుపోయినప్పుడు గతిశక్తిలో కొంత వేడిగా మారుతుందని చెబుతున్నారు కదా, మరి ద్రవ్యవేగం కూడా అలాగే కొంత వేడిలోకి ఎందుకు పోకూడదు అన్నది మూడోది.

మూడో ప్రశ్న చాలా మంచిది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుని లెక్కల్లోకి వెళ్లిపోతాయి. ఎందుకలా జరుగుతుందన్న చోట కాసేపు ఆగితే మిగిలిన రెండు సందేహాలూ దానితోపాటే విడిపోతాయి. అయితే అక్కడికి వెళ్లే ముందు ప్రచోదనం అంటే ఏమిటో గట్టిగా పట్టుకోవాలి.

ఒక వస్తువు మీద బలం పనిచేస్తూ ఉంటే, ఆ బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణించగా వచ్చేదే ప్రచోదనం. బలం మారుతూ ఉంటే ఆ కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కలోని బలాన్ని ఆ ముక్క వ్యవధితో గుణించి అన్నిటినీ కూడాలి. అంటే బలానికీ కాలానికీ గీసిన గ్రాఫ్ కింద ఉండే వైశాల్యమే ప్రచోదనం. న్యూటన్ రెండో నియమం చెప్పేది ఇదే: ఒక వస్తువు మీద పనిచేసిన ఫలిత బలపు ప్రచోదనం ఎంతో, ఆ వస్తువు ద్రవ్యవేగంలో మార్పు అంతే. బలం అంటే ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధమని మనం మొదట నేర్చుకుంటాం గానీ, 1687లో న్యూటన్ ఆ నియమాన్ని చెప్పింది త్వరణం రూపంలో కాదు. ప్రయోగించిన బలానికి అనుపాతంలో, ఆ బలం పనిచేసిన దిశలోనే, చలనంలో మార్పు వస్తుందని చెప్పాడు. ఆ చలనాన్ని ఆయన కొలిచింది ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతోనే. అందుకే ద్రవ్యవేగానికి వాడే కిలోగ్రామ్-మీటర్/సెకను, ప్రచోదనానికి వాడే న్యూటన్-సెకను అన్నవి రెండు వేర్వేరు ప్రమాణాలు కావు, ఒకే ప్రమాణానికి రెండు పేర్లు.

ఇక మొదటి సందేహం. ఘర్షణ లేని నున్నని తలం మీద రెండు ట్రాలీలు నిశ్చలంగా ఉన్నాయనుకుందాం, ఒకటి 1 కిలోగ్రాము, మరొకటి 4 కిలోగ్రాములు. రెండింటినీ ఒకే 8 న్యూటన్ల బలంతో సరిగ్గా 2 సెకన్ల పాటు నెట్టాము. రెండింటికీ అందిన ప్రచోదనం 16 న్యూటన్-సెకన్లు కాబట్టి రెండింటి ద్రవ్యవేగమూ 16 అవుతుంది; తేలికది సెకనుకు 16 మీటర్ల వేగంతోనూ బరువైనది 4 మీటర్ల వేగంతోనూ పోతుంటాయి. గతిశక్తులు చూస్తే మాత్రం తేలికదానికి 128 జౌళ్లు, బరువైనదానికి 32 జౌళ్లే. బలమూ అదే, కాలమూ అదే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఆ 2 సెకన్లలో తేలికది 16 మీటర్లు పరుగెత్తింది, బరువైనది 4 మీటర్లే కదిలింది. బలాన్ని ఆ దూరాలతో గుణించి చూడండి, 128, 32 అక్కడే కనిపిస్తాయి.

ఇప్పుడు ప్రయోగాన్ని మార్చి, కాలానికి బదులు దూరాన్ని సమానం చేద్దాం. అదే 8 న్యూటన్ల బలంతో రెండింటినీ 4 మీటర్ల దూరం నెట్టాలి. ఈసారి రెండింటి గతిశక్తీ 32 జౌళ్లే అవుతుంది, కానీ ఆ దూరం దాటడానికి తేలికదానికి 1 సెకను, బరువైనదానికి 2 సెకన్లు పడుతుంది కాబట్టి ద్రవ్యవేగాలు 8, 16 అవుతాయి. బలం ఎంతసేపు పనిచేసిందో ద్రవ్యవేగం చెబుతుంది, ఎంత దూరం వెంట పనిచేసిందో గతిశక్తి చెబుతుంది. ఒకటి తెలిస్తే రెండోది దానంతట అదే తెలియదు, మధ్యలో ద్రవ్యరాశి కావాలి: ద్రవ్యవేగ వర్గాన్ని ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగిస్తే గతిశక్తి వస్తుంది. ఈ చివరి సంబంధం కంఠస్థం చేయదగినది, కింద మళ్లీ పనికొస్తుంది.

ఈ గందరగోళం ఈనాటి విద్యార్థులకే కలిగిందని అనుకోనక్కర్లేదు. 1644లో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ విశ్వంలోని మొత్తం చలన పరిమాణం మారదని ప్రకటించాడు గానీ, దాన్ని దిశ లేకుండా, వస్తువు పరిమాణాన్ని దాని వడితో గుణించి లెక్క కట్టాడు. ఫలితంగా ఆయన ఇచ్చిన అభిఘాత నియమాల్లో, అంటే వస్తువులు ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో చెప్పే నియమాల్లో, చాలావరకు తప్పాయి. 1660ల చివర లండన్ రాయల్ సొసైటీ అభిఘాతాల గురించి వివరణ కోరగా వాలిస్, రెన్, హైగెన్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు వేర్వేరుగా సమాధానాలు పంపారు, దిశను లెక్కలోకి తీసుకుంటేనే మొత్తం నిలుస్తుందన్నది అప్పుడు స్పష్టపడింది. తర్వాత 1686లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ లేచి, కదలికకు అసలైన కొలత వేగం కాదు, వేగ వర్గమే అన్నాడు. ఆయన వాదానికి ఆధారంగా తర్వాతి కాలంలో గ్రావెసాండె అనే డచ్ శాస్త్రవేత్త ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టి మీదకు వదిలి చూశాడు. తాకే వేగం రెట్టింపయితే గుంట నాలుగు రెట్లయింది. ఆ ఫలితంలో తప్పేమీ లేదు. మట్టిలో గుండు దిగిన దూరాన్ని కొలిచాడు కాబట్టి వేగ వర్గం వచ్చింది, ఆగడానికి పట్టిన కాలాన్ని కొలవగలిగి ఉంటే వేగమే వచ్చేది. ఇరుపక్షాలూ దశాబ్దాల తరబడి వాదించుకున్నాయి, నిజానికి ఇద్దరూ కొలుస్తున్నవి వేర్వేరు.

రెండో సందేహానికి వస్తే, ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ద్రవ్యవేగంలో మార్పు ఒక్కటే అన్నది నిజం. ప్రచోదనం కూడా ఒక్కటే. ఎముకలు విరగడానికి కారణం ప్రచోదనం కాదు, బలం. గ్రాఫ్ కింద వైశాల్యం స్థిరంగా ఉంచి అడుగును వెడల్పు చేస్తే ఎత్తు తగ్గక తప్పదు. ఎయిర్‌బ్యాగ్ చేసే పని ఆగే వ్యవధిని పొడిగించడం, దానితోపాటు ఆ బలాన్ని ఛాతీ, ముఖం మీద విశాలంగా పరచడం.

దీన్ని అంకెల్లో చూడడానికి కారు కన్నా, ఎత్తు నుంచి దూకే మనిషి ఉదాహరణ నయం, ఎందుకంటే ఎక్కువమంది చేసే ఒక పొరపాటు అందులో బయటపడుతుంది. 60 కిలోగ్రాముల మనిషి 1.25 మీటర్ల ఎత్తు నుంచి దూకితే, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే, నేలను తాకేటప్పుడు అతని వేగం సెకనుకు 5 మీటర్లు, ద్రవ్యవేగం 300. మోకాళ్లు బిగపట్టి దిగితే 0.02 సెకనులో ఆగిపోతాడనుకుందాం: 300ను 0.02తో భాగిస్తే 15,000 న్యూటన్లు. మోకాళ్లు వంచుతూ 0.25 సెకను తీసుకుంటే 1,200 న్యూటన్లు. చాలామంది ఇక్కడే కలం దించేస్తారు. కానీ ఈ అంకెలు ఫలిత బలానివి, నేల పైకి నెట్టే బలానివి కావు. ఆగే వ్యవధిలో కూడా గురుత్వం 600 న్యూటన్లతో కిందికి లాగుతూనే ఉంటుంది కనుక నేల ఇవ్వవలసిన సగటు బలం మొదటి సందర్భంలో 15,600, రెండో సందర్భంలో 1,800 న్యూటన్లు. మొదటి దాంట్లో బరువును మరిచిపోయినా నాలుగు శాతం తేడాతో బయటపడతాం. రెండో దాంట్లో మరిచిపోతే జవాబులో మూడో వంతు ఎగిరిపోతుంది. వ్యవధి ఎంత తక్కువైతే గురుత్వం లాంటి మామూలు బలాలను అంత నిర్భయంగా వదిలేయవచ్చు, వ్యవధి పెరిగేకొద్దీ ఆ స్వేచ్ఛ పోతుంది.

ఇంకొక మాట, పైన వచ్చినవి సగటు బలాలే. నిజమైన అభిఘాతంలో బలం సున్నా నుంచి పెరిగి, శిఖరానికి చేరి, మళ్లీ సున్నాకు దిగుతుంది. ఆ గ్రాఫ్ త్రిభుజంలా ఉందనుకుంటే గరిష్ఠ బలం సగటుకు సరిగ్గా రెట్టింపు. దెబ్బ తగులుతుందా లేదా అన్నది ఎక్కువగా ఆ శిఖరం మీద ఆధారపడుతుంది కాబట్టి, సగటు చూసి ధైర్యపడకూడదు.

గుర్తుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పరీక్ష పత్రాల్లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం వీటివల్లే. 0.2 కిలోగ్రాముల బంతి సెకనుకు 10 మీటర్ల వేగంతో గోడను తాకి 8 మీటర్ల వేగంతో వెనక్కి వచ్చిందంటే, మార్పు 0.4 కాదు. గోడ వైపు దిశను ధనాత్మకం అనుకుంటే మొదటి ద్రవ్యవేగం +2, చివరిది −1.6, తేడా −3.6. అంతే ద్రవ్యరాశి గల మట్టి ముద్ద అదే వేగంతో వచ్చి గోడకు అంటుకుపోతే మార్పు −2 మాత్రమే. ఎగిరి వెనక్కి వచ్చే బంతి గోడకు ఎక్కువ ప్రచోదనం ఇస్తుంది. ముందు దాన్ని ఆపాలి, తర్వాత ఎదురు దిశలో పంపాలి, రెండింటికీ ప్రచోదనం ఖర్చవుతుంది. లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక బాణం గీసి, ఏ వైపు ధనాత్మకమో రాసుకోకుండా అంకెలు వేయవద్దని నేను పాఠం చెప్పే ప్రతి తరగతిలోనూ పట్టుబడతాను.

ఇప్పుడు అసలు విషయం. 2 కిలోగ్రాముల ట్రాలీ సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చి, నిశ్చలంగా ఉన్న 1 కిలోగ్రాము ట్రాలీని తాకి దానికి అతుక్కుపోయింది. మొత్తం ద్రవ్యవేగం 6, మొత్తం ద్రవ్యరాశి 3, కాబట్టి రెండూ కలిసి సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతాయి. గతిశక్తి 9 జౌళ్ల నుంచి 6 జౌళ్లకు తగ్గింది. సాధారణంగా 3 జౌళ్లు వేడిగానూ శబ్దంగానూ పోయాయని రాసి ముగిస్తారు. మనం అలా చేయకుండా, రెండు ట్రాలీలూ తాకుతూ ఉన్న ఆ క్షణకాలంలోకి దిగి చూద్దాం.

మొదటిది రెండోదాన్ని ఎంత బలంతో ముందుకు నెడుతుందో, రెండోది మొదటిదాన్ని అంతే బలంతో వెనక్కి నెడుతుంది, ఇది మూడో నియమం. ఈ రెండు బలాలూ ఎంతసేపు ఉంటాయి? మొదటిది రెండోదాన్ని తాకుతూ ఉన్నంతసేపూ రెండోది మొదటిదాన్ని తాకుతూ ఉంటుంది. ఒకటి 5 మిల్లీసెకన్లు తాకి, రెండోది 7 మిల్లీసెకన్లు తాకడం అనేది అసాధ్యం. బలాలు సమానం, వ్యతిరేకం, వ్యవధి ఒక్కటే, కాబట్టి ప్రచోదనాలు సమానం, వ్యతిరేకం. పెద్ద ట్రాలీ ద్రవ్యవేగం 6 నుంచి 4కు వచ్చింది, చిన్నది సున్నా నుంచి 2కు వెళ్లింది. ఒకటి పోగొట్టుకున్న 2 అచ్చంగా రెండోదానికి చేరింది. ఇందులో వస్తువులు మెత్తనివా గట్టివా, అతుక్కున్నాయా ఎగిరిపడ్డాయా, వేడెక్కాయా లేదా అన్న ప్రశ్నలకు చోటే లేదు. ఏ రకం అభిఘాతమైనా ద్రవ్యవేగం నిలవడానికి కారణం ఈ ఒక్కటే.

అదే క్షణకాలంలో అవి కదిలిన దూరాలు చూడండి. తాకడం మొదలైనప్పుడు పెద్దది వేగంగా వస్తోంది, చిన్నది ఇంకా కదలలేదు. వేగాలు సమానమయ్యేదాకా ప్రతి క్షణమూ పెద్దదే ఎక్కువ దూరం కదులుతుంది. మరి రెండూ ఒకదానికొకటి తగిలే ఉన్నాయి కదా, దూరాలు వేర్వేరుగా ఎలా ఉంటాయంటే, తాకిన చోట పదార్థం నొక్కుకుపోయి రెండింటి మధ్య దూరం తగ్గుతుంది. సమానమైన బలాలే అయినా దూరాలు సమానం కాకపోవడంతో అవి చేసే పనులు సమానం కావు. పెద్దది 9 జౌళ్ల నుంచి 4కు దిగి 5 జౌళ్లు కోల్పోయింది, చిన్నదానికి దక్కింది 2 జౌళ్లు. మిగిలిన 3 జౌళ్లు ఆ నొక్కుడులోకి వెళ్లాయి. అతుక్కుపోయే పదార్థమైతే ఆ నొక్కు అలాగే ఉండిపోయి శక్తి వేడిగా మారుతుంది. మధ్యలో మంచి స్ప్రింగ్ ఉంటే అది మళ్లీ సాగి పూర్వపు పొడవుకు వస్తుంది, నొక్కుడులో దాగిన శక్తి తిరిగి గతిశక్తి అవుతుంది, దాన్నే స్థితిస్థాపక అభిఘాతం అంటాం. అప్పుడు కూడా గరిష్ఠంగా నొక్కుకున్న క్షణంలో మొత్తం గతిశక్తి 6 జౌళ్లే ఉంటుందని గమనించాలి. స్థితిస్థాపక అభిఘాతంలో గతిశక్తి ముందూ వెనకా సమానం అవుతుంది గానీ, మధ్యలో ప్రతి క్షణమూ నిలకడగా ఉండదు. ద్రవ్యవేగమైతే ఆ మధ్య క్షణాల్లో కూడా కదలకుండా 6 దగ్గరే ఉంటుంది.

వేడి సంగతి ఇంకా మిగిలి ఉంది. వేడి అన్నది కూడా అణువుల కదలికే అయినప్పుడు, ఆ అణువులు ద్రవ్యవేగాన్ని కొంత తీసుకుపోలేవా? ప్రతి అణువుకూ ద్రవ్యవేగం ఉంది, నిజమే. కానీ ద్రవ్యవేగం సదిశ, అంటే దానికి దిశ కూడా ఉంటుంది. వస్తువు మొత్తంగా ఒక వైపు పోతుండగా, దానికి తోడు లోపలి అణువులు అన్ని దిశల్లోనూ అస్తవ్యస్తంగా కొట్టుకుంటుంటే, ఆ అదనపు కదలికల ద్రవ్యవేగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని మొత్తం సున్నా అవుతాయి. గతిశక్తి అదిశ, అంటే దానికి దిశ లేదు, ఎప్పుడూ ధనాత్మకం. కుడికి పోయే అణువు శక్తీ ఎడమకు పోయే అణువు శక్తీ కూడుకుంటాయే తప్ప కొట్టివేసుకోవు. అందుకే శక్తి వేడిలో దాక్కోగలదు, ద్రవ్యవేగానికి దాక్కునే చోటు లేదు. ఢీకొన్న ట్రాలీలలో ద్రవ్యవేగం తగ్గినట్టు మీ కొలతల్లో కనిపిస్తే, అది వేడిలోకి పోయిందని రాయకండి. పట్టాల ఘర్షణో, గాలో, చేయి తగలడమో, బయటి వస్తువు ఏదో దాన్ని తీసుకుందని అర్థం.

బంతి గోడను తాకి తిరిగొచ్చినప్పుడు పోయిన 3.6 ద్రవ్యవేగం ఎక్కడికి వెళ్లిందని చాలామంది అడుగుతారు. గోడ నేలకు బిగించి ఉంది కనుక భూమికి వెళ్లింది. భూమి ద్రవ్యరాశి దాదాపు 6 × 10²⁴ కిలోగ్రాములు, కాబట్టి దానికి వచ్చే వేగం సెకనుకు 6 × 10⁻²⁵ మీటర్లు. పైన చెప్పిన సంబంధంలో ద్రవ్యవేగ వర్గాన్ని భూమి ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగిస్తే గతిశక్తి దాదాపు 10⁻²⁴ జౌళ్లు వస్తుంది, అంటే లేనట్టే. బాగా బరువైన వస్తువు ఎంత ద్రవ్యవేగాన్నైనా మింగగలదు, దాదాపు ఏమాత్రం గతిశక్తి తీసుకోకుండానే. గోడను తాకిన బంతి తన శక్తిని చాలావరకు నిలుపుకుని తిరిగి రాగలగడానికి కారణం ఇదే.

కాబట్టి "ద్రవ్యవేగం నిత్యమా?" అని అడిగేటప్పుడు ఏ వస్తువులను కలిపి లెక్కిస్తున్నామో, ఏ వ్యవధిలోనో, ఏ దిశలోనో చెప్పకుండా అడిగితే ఆ ప్రశ్నకు అర్థం లేదు. బంతి ఒక్కదానినే తీసుకుంటే నిత్యం కాదు, బంతినీ భూమినీ కలిపి తీసుకుంటే నిత్యం. నేల మీద రెండు ట్రాలీలు ఢీకొంటే ఘర్షణ బయటి బలమే, అయినా ఆ కొద్ది మిల్లీసెకన్లలో దాని ప్రచోదనం లెక్కలోకి రానంత చిన్నది కాబట్టి ఢీకొనే ముందూ వెంటనే తర్వాతా మొత్తం సమానమని ధైర్యంగా రాయవచ్చు. అవే ట్రాలీలు ఘర్షణతో రెండు సెకన్లు జారి ఆగేదాకా అదే సమీకరణం వాడితే తప్పు. దిశ విషయానికి వస్తే, 4 కిలోగ్రాముల బండి నున్నని నేల మీద సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతుండగా పైనుంచి 2 కిలోగ్రాముల ఇసుక నిట్టనిలువుగా అందులో పడితే, క్షితిజ దిశలో బయటి బలం లేదు కనుక 12ను 6తో భాగించి వేగం 2 అని చెప్పవచ్చు. నిలువు దిశలో ఇసుక తెచ్చిన ద్రవ్యవేగం మాత్రం నేల బలం వల్ల పోతుంది.

ఈ బండి ఉదాహరణకు ఒక తోక ఉంది, బాగా చదివినవాళ్లు కూడా అందులో చిక్కుకుంటారు. ఇప్పుడు బండి అడుగున రంధ్రం పడి ఇసుక మెల్లగా కిందికి జారిపోతోంది. ద్రవ్యరాశి తగ్గుతోంది కనుక, ద్రవ్యవేగం నిలవాలంటే వేగం పెరిగి మళ్లీ 3కు చేరాలని కొందరు రాస్తారు. పెరగదు. జారిపోయే ప్రతి రేణువూ బండితో సమానమైన క్షితిజ వేగంతోనే బయటికి వస్తుంది, తన వాటా ద్రవ్యవేగాన్ని తనతోనే తీసుకుపోతుంది; అది బండిని ముందుకు నెట్టదు, వెనక్కి లాగదు, కాబట్టి బండికి ప్రచోదనం ఏదీ అందదు. మొత్తం ఇసుక ఖాళీ అయ్యాక కూడా బండి వేగం సెకనుకు 2 మీటర్లే. వేగం పెరగాలంటే ఇసుకను బండికి సాపేక్షంగా వెనక్కి విసరాలి, రాకెట్ తన వాయువులను విసిరినట్టు. మారే ద్రవ్యరాశి ఉన్న చోట రెండో నియమాన్ని నేరుగా బండికి మాత్రమే అన్వయించకుండా, బండినీ బయటపడిన ఇసుకనూ కలిపి ఒక చిన్న వ్యవధికి ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యవేగం రాసి చూడండి. రాకెట్ సమీకరణం కూడా ఆ రెండు పంక్తుల నుంచే వస్తుంది.